ఇరవయ్యో శతాబ్ది పాశ్చాత్య సంగీతం, దృశ్యకళలు: ఆధునిక ఉద్యమాలు

నిర్వచనం, పరిధి

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దం నుంచి 1970ల చివరి దాకా యూరప్‌లోనూ అమెరికాలోనూ సంగీతాన్ని, చిత్రకళను, శిల్పకళను సమూలంగా మార్చిన ధోరణులను ఆధునిక కళోద్యమాలు అంటారు. ఎక్స్‌ప్రెషనిజం, క్యూబిజం, ఫ్యూచరిజం, దాదా, సర్రియలిజం, కన్‌స్ట్రక్టివిజం, సీరియలిజం, మినిమలిజం వీటిలో ముఖ్యమైనవి. ఫ్యూచరిజం, సర్రియలిజం లాంటి వాటికి ప్రణాళికలు, పత్రికలు, సభ్యత్వాలు, బహిష్కరణలు కూడా ఉండేవి. మరికొన్నిటికి పేరు పెట్టింది విమర్శకులే. ఫోవిజం, క్యూబిజం అనే రెండు పేర్లూ లూయీ వోసెల్ అనే పారిస్ విమర్శకుడి వెటకారం నుంచి పుట్టినవే.

ఈ ఉద్యమాలను సంగీత చరిత్రలో ఒకలా, చిత్రకళా చరిత్రలో మరొకలా విడదీసి చెప్పడం ఆనవాయితీ. అలా చెబితే సగం కథే తెలుస్తుంది. ఆ కాలపు స్వరకర్తలు, చిత్రకారులు ఒకే నగరాల్లో బతికారు, ఒకరి ప్రదర్శనలకు ఒకరు వెళ్లారు, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, ఒకే నాటకశాలలో కలిసి పనిచేశారు. అందుకే ఈ వ్యాసం రెండిటినీ జంటగా పరిశీలిస్తుంది. అయితే చిత్రకళ నుంచి అరువు తెచ్చుకున్న పేరు సంగీతానికి ప్రతిసారీ అతకదు. స్వరకర్త క్లోద్ దెబుసీని ఇంప్రెషనిస్టు అని పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నా, ఆ ముద్ర ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు.

నేపథ్యం: రెండు పాత కట్టుబాట్లు

పదిహేనో శతాబ్దిలో ఇటలీలో రూపుదిద్దుకున్న పర్‌స్పెక్టివ్ పద్ధతి నాలుగు వందల ఏళ్లకు పైగా యూరప్ చిత్రకళకు పునాదిగా నిలిచింది. చూసేవాడు ఒకచోట కదలకుండా నిలబడి, ఒంటి కంటితో చూస్తున్నాడని అనుకుని, దూరం పోయే గీతలన్నీ ఒక బిందువు దగ్గర కలిసేలా గీయడం దాని సారం. సంగీతంలో ఇటువంటి కట్టుబాటే టోనాలిటీ. ఒక ఆధారస్వరం, దాని చుట్టూ మేజర్ లేదా మైనర్ స్కేలు, ఆ స్కేలులోని స్వరాలను దొంతరగా పేర్చిన కార్డులు, అవి ఎంత దూరం తిరిగినా చివరికి ఆధారస్వరానికే చేరాలన్న నియమం: బాఖ్ నుంచి బ్రామ్స్ దాకా అందరూ ఈ చట్రంలోనే రాశారు.

రెండూ పందొమ్మిదో శతాబ్దిలోనే సడలడం మొదలైంది. 1865లో ప్రదర్శించిన వాగ్నర్ సంగీతరూపకం ‘ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డ’ ఆధారస్వరాన్ని చేరే ఘట్టాన్ని గంటల తరబడి వాయిదా వేసింది. 1839లో వెలుగులోకి వచ్చిన ఫొటోగ్రఫీ, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపే బాధ్యతను చిత్రకారుడి భుజాల మీద నుంచి దించింది. 1874లో పారిస్‌లో ఇంప్రెషనిస్టులు సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. పాల్ సెజాన్ ఒకే బల్లను, ఒకే పళ్లబుట్టను రెండు మూడు కోణాల నుంచి చూసినట్టు ఒకే కాన్వాసు మీద చిత్రించాడు. ఆయన 1906లో చనిపోయాడు. మరుసటి ఏడాది పారిస్‌లో జరిగిన ఆయన స్మారక ప్రదర్శన ఆ తరం యువ చిత్రకారులందరికీ పాఠశాల అయింది.

యూరప్ బయటి నుంచి వచ్చిన ప్రేరణను కూడా తక్కువ చేయరాదు. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో జావా ద్వీపపు గామెలాన్ వాద్యబృందాన్ని విన్న దెబుసీ ఆ ప్రభావం నుంచి చివరిదాకా బయటపడలేదు. ఆయన ‘లా మేర్’ స్వరలిపి 1905లో అచ్చయినప్పుడు అట్ట మీద జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన అల ఉంది. పికాసో 1907లో ‘లె దమ్వాజెల్ దావిన్యో’ చిత్రిస్తున్న రోజుల్లో పారిస్ త్రోకదెరో మ్యూజియంలో ఆఫ్రికన్ ముసుగులను చూశాడు. ఆ మ్యూజియంలోకి అవి చేరింది వలస పాలన దారిలోనే.

ఎక్స్‌ప్రెషనిజం: కాండిన్‌స్కీ, షోన్‌బర్గ్

కంటికి కనిపించేదాన్ని కాక మనసులోని ఉద్వేగాన్ని రంగుగా, నాదంగా నేరుగా బయటపెట్టడం ఎక్స్‌ప్రెషనిజం లక్ష్యం. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో కిర్ష్‌నర్, హెకెల్, ష్మిట్-రోట్‌లుఫ్, బ్లైల్ అనే నలుగురు వాస్తుశాస్త్ర విద్యార్థులు ‘డీ బ్రూకె’ బృందాన్ని స్థాపించారు. 1911లో మ్యూనిక్‌లో వసీలీ కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్ ‘డెర్ బ్లౌ రైటర్’ బృందానికి నాయకత్వం వహించారు. రెండు కళలు ఇంత దగ్గరగా కలిసిన సందర్భం ఆ శతాబ్దిలో మరొకటి లేదని చెప్పవచ్చు.

1911 జనవరి మొదట్లో మ్యూనిక్‌లో ఆర్నోల్డ్ షోన్‌బర్గ్ రచనల కచేరీ జరిగింది. 1908లో వియన్నాలో గొడవకు కారణమైన ఆయన రెండో స్ట్రింగ్ క్వార్టెట్, 11వ సంఖ్య పియానో రచనలు ఆనాడు వినిపించారు. క్వార్టెట్‌లో చివరి రెండు భాగాలకు ఒక గాయని గొంతు తోడవుతుంది. ఆఖరి భాగంలో ఆధారస్వరం దాదాపు మాయమవుతుంది. శ్రోతల్లో కాండిన్‌స్కీ ఉన్నాడు. ఆ కచేరీ విన్న కొద్ది రోజుల్లోనే ‘ఇంప్రెషన్ 3’ చిత్రించాడు. దానికి ‘కచేరీ’ అనే ఉపశీర్షిక ఉంది. చిత్రంలో పైన మూలగా ఒక పెద్ద నల్లటి ముద్ద కనిపిస్తుంది. అది పియానో. దాని కింద సగానికి సగం కాన్వాసును ముంచెత్తుతూ పచ్చటి పసుపు. ఎడమ పక్క వంగిన నల్ల గీతలుగా కూర్చున్న శ్రోతలు. ఇంకొక్క అడుగు వేస్తే పియానో, మనుషులు కూడా మాయమై రంగులే మిగులుతాయి. ఆ అడుగు కూడా ఆయన త్వరలోనే వేశాడు. ఆ కచేరీ తర్వాత కాండిన్‌స్కీయే ముందుగా షోన్‌బర్గ్‌కు ఉత్తరం రాశాడు. తాను రంగుల్లో వెతుకుతున్నదే ఆయన స్వరాల్లో వెతుకుతున్నాడని గుర్తించాడు.

షోన్‌బర్గ్ స్వయంగా చిత్రకారుడు కూడా. 1911 డిసెంబర్‌లో జరిగిన డెర్ బ్లౌ రైటర్ తొలి ప్రదర్శనలో ఆయన చిత్రాలు ఉన్నాయి. 1912లో వెలువడిన ఆ బృందం సంకలనంలో చిత్రాల పక్కనే షోన్‌బర్గ్, ఆల్బన్ బెర్గ్, అంటోన్ వెబెర్న్ పాటల స్వరలిపులు అచ్చయ్యాయి. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ ‘ప్రొమీథియస్’ మీద ఒక వ్యాసం కూడా వచ్చింది. 1910లో పూర్తయిన ఆ రచనలో, మీటలు నొక్కితే నాదానికి బదులు రంగుకాంతి వెలువడే కీబోర్డుకు ప్రత్యేకంగా ఒక స్వరలిపి వరుస ఉంది. మాస్కోలో 1911లో తొలి ప్రదర్శన వెలుగులు లేకుండానే సాగింది. 1915లో న్యూయార్క్ కార్నెగీ హాలులో వెలుగులతో వినిపించారు.

1912లో షోన్‌బర్గ్ రాసిన ‘పియెరో లునేర్’ సంగీతంలో ఎక్స్‌ప్రెషనిజానికి పరాకాష్ఠ. ఇందులో గాయని పూర్తిగా పాడదు, పూర్తిగా మాట్లాడదు. స్వరాన్ని తాకి వెంటనే జారవిడిచే ఈ పద్ధతిని ష్ప్రెఖ్‌ష్టిమ్మె అంటారు. బెర్గ్ సంగీతరూపకం ‘వోట్సెక్’ 1925లో బెర్లిన్‌లో ప్రదర్శితమైంది. పేద సైనికుడి జీవితాన్ని చూపిన ఈ రచన ఎక్స్‌ప్రెషనిజాన్ని పెద్ద నాటకశాలల్లోకి తెచ్చింది.

క్యూబిజం, ఫ్యూచరిజం

పికాసో, జార్జ్ బ్రాక్ 1908 నుంచి 1914 దాకా చేతిలో చేయి వేసుకుని నడిపిన ప్రయోగం క్యూబిజం. వస్తువును చిన్న చిన్న తలాలుగా విడగొట్టి, అనేక కోణాలను ఒకేసారి చూపే తొలి దశను విశ్లేషణాత్మక క్యూబిజం అంటారు. ఈ దశ చిత్రాల్లో రంగు దాదాపు గోధుమ, బూడిద ఛాయలకే పరిమితం. 1912 నుంచి మొదలైన రెండో దశ సంశ్లేషణాత్మకం. ఆ ఏడాది పికాసో అండాకారపు చిన్న కాన్వాసు మీద పేము అల్లిక బొమ్మ అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను అతికించి, చుట్టూ చట్రానికి బదులు నిజమైన తాడు చుట్టాడు. ఆ అల్లిక చిత్రం కాదు, నిజమైన పేమూ కాదు, కార్ఖానాలో అచ్చయిన నకలు. ముప్పై సెంటీమీటర్ల లోపు ఎత్తున్న ఈ కొల్లాజ్‌తో, అంగట్లో కొన్న సామాను కళాకృతిలో భాగం కావచ్చన్న సూత్రం స్థిరపడింది. ఆ తర్వాతి ఉద్యమాల్లో సగం ఈ తాడు పట్టుకునే నడిచాయి.

1909 ఫిబ్రవరి 20న పారిస్ దినపత్రిక ‘ల ఫిగరో’ మొదటి పేజీలో ఇటాలియన్ కవి మారినెట్టి ఫ్యూచరిజం ప్రణాళిక ప్రచురించాడు. వేగం, యంత్రం, నగరం, యుద్ధం వీరి ఆరాధ్యాలు. బొచ్చోని, బల్లా, సెవెరిని, కార్రా చలనాన్ని చిత్రాల్లోకి, శిల్పాల్లోకి తెచ్చారు. ఇదే బృందంలోని చిత్రకారుడు లుయీజి రుస్సోలో 1913 మార్చిలో ‘శబ్దకళ’ అనే ప్రణాళిక రాశాడు. గర్జన, ఈల, గరగర, బుసబుస లాంటి శబ్దాలను పలికించే ‘ఇంటోనారుమోరి’ అనే పెట్టెలను తయారు చేశాడు. పెట్టె లోపల తిరిగే చక్రం తీగను రాపిడి చేస్తే, ఆ శబ్దం బయటి గరాటు గుండా వినిపించేది. ఒక మీట శ్రుతిని పైకీ కిందికీ జరిపేది. 1914లో మిలాన్‌లో వీటితో కచేరీ చేశారు. మొదటి ఇంటోనారుమోరి ఒక్కటీ ఇప్పుడు మిగల్లేదు. మ్యూజియాల్లో ఉన్నవి తర్వాత తయారు చేసిన ప్రతులే. యుద్ధాన్ని కీర్తించిన మారినెట్టి తర్వాత ముస్సోలినీ పక్షాన చేరాడన్న సంగతిని ఈ ఉద్యమాన్ని అంచనా వేసేటప్పుడు పక్కన పెట్టలేం.

1913: గొడవల సంవత్సరం

ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆర్మరీ ప్రదర్శన మొదలైంది. మార్సెల్ ద్యూషాన్ చిత్రించిన ‘మెట్లు దిగుతున్న నగ్నమూర్తి’ అమెరికన్ పత్రికలకు నెలరోజుల పాటు కార్టూన్లు అందించింది. మార్చి 31న వియన్నాలో షోన్‌బర్గ్ నిర్వహించిన కచేరీ బెర్గ్ పాటల దగ్గర చెంపదెబ్బల దాకా వెళ్లి మధ్యలోనే ఆగిపోయింది. మే 29న పారిస్‌లోని షాంజెలిజే నాటకశాలలో ఇగోర్ స్ట్రావిన్‌స్కీ ‘వసంత నైవేద్యం’ నృత్యరూపకంగా వెలువడింది. నిజిన్‌స్కీ నృత్యం కూర్చాడు, పియేర్ మోంతో ఆర్కెస్ట్రాను నడిపాడు, నికొలాయ్ రోరిఖ్ దృశ్యాలు, దుస్తులు రూపొందించాడు. అరుపులు ఎంతగా చెలరేగాయంటే వేదిక మీది నర్తకులకు వాద్యాలు వినపడలేదు. ఈ రచనలో కొత్తదనం ప్రధానంగా లయలో ఉంది. ఒకే కార్డును వాద్యాలన్నీ గట్టిగా కొడుతూ ఉంటే, దెబ్బ బరువు పడే చోటు ఊహించని విధంగా మారుతూ ఉంటుంది. కొన్ని భాగాల్లో తాళం దాదాపు ప్రతి కొలతకూ మారుతుంది.

దాదా, సర్రియలిజం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాంజ్ మార్క్, ఆగస్ట్ మాకె లాంటి యువ చిత్రకారులు నేలకొరిగారు. ఆ యుద్ధానికి దారితీసిన నాగరికత మీదే నమ్మకం పోయిన కవులు, చిత్రకారులు తటస్థ దేశమైన స్విట్జర్లాండ్‌లో గుమిగూడారు. 1916 ఫిబ్రవరిలో జ్యూరిక్‌లో హ్యూగో బాల్, ఎమ్మీ హెన్నింగ్స్ కాబరే వోల్టేర్ ప్రారంభించారు. త్రిస్తాన్ జారా, హాన్స్ ఆర్ప్, సోఫీ టౌబర్ అక్కడివారే. అర్థంలేని అక్షరాల కవితలు, డప్పుల మోత, ముసుగుల నాట్యం కలగలిసిన ఈ కార్యక్రమాల నుంచి దాదా పుట్టింది.

న్యూయార్క్‌లో ద్యూషాన్ 1917లో ఒక పింగాణీ మూత్రపాత్ర మీద ‘ఆర్. మట్’ అని సంతకం చేసి, ‘ఫౌంటెన్’ అని పేరు పెట్టి, రుసుము కట్టిన ప్రతి కళాకృతినీ ప్రదర్శిస్తామన్న సంఘానికి పంపాడు. సంఘం దాన్ని ప్రదర్శించలేదు. అసలు వస్తువు పోయింది. ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో మిగిలింది. ద్యూషాన్ 1913లోనే టోపీలోంచి చీటీలు తీసి, వచ్చిన స్వరాలను వచ్చిన వరుసలో రాసి, తనకూ ఇద్దరు చెల్లెళ్లకూ ఒక పాట కూర్చాడు. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక సంగీతంలో యాదృచ్ఛికత పెద్ద ధోరణి అయినప్పుడు గానీ దీని విలువ తెలియలేదు (చూ. 1945 తర్వాత).

1917 మేలో పారిస్‌లో ప్రదర్శించిన ‘పరాడ్’ నృత్యరూపకానికి ఎరిక్ సతీ సంగీతం, జాన్ కాక్టో ఇతివృత్తం, పికాసో తెర, దుస్తులు సమకూర్చారు. ఆర్కెస్ట్రాలో టైప్‌రైటర్, సైరన్, పిస్తోలు ఉన్నాయి. ఈ ప్రదర్శన కరపత్రంలోనే కవి అపోలినేర్ ‘సర్రియలిజం’ అన్న పదానికి రూపమిచ్చాడు. 1924లో ఆంద్రె బ్రెతాన్ ఆ పేరుతో ప్రణాళిక ప్రకటించాడు. కలలను, ఫ్రాయిడ్ చెప్పిన అచేతనను, అదుపులేని రాతను ఆశ్రయించిన ఈ ఉద్యమంలో మాక్స్ ఎర్నస్ట్, మీరో, మాగ్రిత్, డాలీ ప్రముఖులు. డాలీ 1931లో చిత్రించిన కరిగే గడియారాల చిత్రం నోటుబుక్కు కన్నా పెద్దగా ఉండదు. దాని కొలతలు 24, 33 సెంటీమీటర్లు. సర్రియలిజానికి సంగీతంలో దీటైన శాఖ ఏర్పడలేదు. బ్రెతాన్‌కు సంగీతం మీద ఆసక్తి లేకపోవడం అందుకు ఒక కారణం.

క్రమం వైపు: పన్నెండు స్వరాల పద్ధతి, బౌహౌస్

పాత చట్రం విరిగాక కొత్త చట్రం అవసరమైంది. 1920లలో రెండు కళలూ దాదాపు ఒకేసారి నిర్మాణం వైపు మళ్లాయి.

షోన్‌బర్గ్ 1921, 1923 మధ్య పన్నెండు స్వరాల పద్ధతిని స్థిరపరిచాడు. యోసెఫ్ హౌవర్ అనే మరో ఆస్ట్రియన్ కొంచెం ముందే వేరే దారిలో ఇలాంటి సూత్రాన్నే చేరుకున్నాడు. స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలను ఒక నిర్ణీత వరుసలో పెట్టడం దీనికి మొదటి మెట్టు. ఆ వరుసను ఉన్నది ఉన్నట్టు, వెనక నుంచి ముందుకు, పైకి వెళ్లే అంతరాలను కిందికి తిప్పి, అలా తిప్పినదాన్ని మళ్లీ వెనక నుంచి ముందుకు వాడవచ్చు. ఈ నాలుగు రూపాలనూ పన్నెండు స్థానాల నుంచి మొదలుపెట్టవచ్చు కనుక మొత్తం 48 రూపాలు లభిస్తాయి. కర్ణాటక సంగీతం తెలిసిన పాఠకులకు తేడా ఒక్క మాటలో చెప్పవచ్చు. రాగంలో షడ్జమం నిలకడ, వాది సంవాదులకు ప్రాధాన్యం ఉంటాయి. ఇక్కడ ఏ స్వరానికీ పెద్దరికం లేదు. బెర్గ్ 1935 వయొలిన్ కాన్సర్టోలో ఈ పద్ధతిని పాత హార్మొనీతో సంధి చేశాడు. వెబెర్న్ మాత్రం ఒక్కో స్వరాన్ని ఒక్కో వాద్యానికి పంచి, కొన్ని నిమిషాల్లో ముగిసే రచనలు చేశాడు.

రష్యాలో కజిమిర్ మాలెవిచ్ 1915 డిసెంబర్‌లో పెట్రొగ్రాడ్ ప్రదర్శనలో ‘నల్ల చతురస్రం’ ఉంచాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే మూలన, పైకప్పు కింద దాన్ని వేలాడదీశాడు. తాత్లిన్, రోద్చెంకో కన్‌స్ట్రక్టివిజాన్ని నడిపారు. నెదర్లాండ్స్‌లో 1917లో మొదలైన ‘డి స్టైల్’ పత్రిక చుట్టూ వాన్ డూస్‌బర్గ్, మోండ్రియాన్ చేరారు. నిలువు, అడ్డ గీతలు, మూడు మూలవర్ణాలు, నలుపు, తెలుపు, బూడిద మాత్రమే మోండ్రియాన్ సామగ్రి. 1919లో వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల 1925లో డెస్సౌకు, 1932లో బెర్లిన్‌కు మారి, నాజీల ఒత్తిడితో 1933లో మూతపడింది. అక్కడ పాఠాలు చెప్పిన పాల్ క్లే మంచి వయొలిన్ విద్వాంసుడు. 1932లో చిత్రించిన పెద్ద చిత్రానికి ‘అడ్ పర్నాసుం’ అనే పేరును, ఫుక్స్ 1725లో రాసిన సంగీత శాస్త్రగ్రంథం నుంచి తీసుకున్నాడు.

స్ట్రావిన్‌స్కీ 1920లో పికాసో దృశ్యాలతో వచ్చిన ‘పుల్చినెల్లా’తో పద్దెనిమిదో శతాబ్ది రూపాలకు తిరిగి వచ్చాడు. దీన్ని నియోక్లాసిసిజం అంటారు. పికాసో కూడా అదే రోజుల్లో నిండైన పాతకాలపు మూర్తులు గీశాడు. హంగరీలో బేలా బార్తోక్, కొదాయ్ 1900ల నుంచే ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలు తిరిగి జానపద గీతాలు సేకరించారు. బార్తోక్ లయ, స్వరవరుసలు ఆ పల్లెపాటల నుంచి వచ్చినవే. ఏ ప్రణాళికా లేకుండా, ఏ బృందంలోనూ చేరకుండా ఆధునికుడైనవాడికి ఆయన గొప్ప ఉదాహరణ.

నిషేధాలు, వలసలు

1937 జూలై 19న మ్యూనిక్‌లో నాజీ ప్రభుత్వం ‘పతనమైన కళ’ ప్రదర్శన ప్రారంభించింది. జర్మన్ మ్యూజియాల నుంచి స్వాధీనం చేసుకున్న సుమారు 650 కృతులను వెక్కిరింపు రాతల నడుమ ఇరుకుగా వేలాడదీశారు. 1938లో డుసెల్డార్ఫ్‌లో సంగీతం మీద ఇటువంటి ప్రదర్శనే పెట్టారు. సోవియట్ యూనియన్‌లో 1936 జనవరి 28న ‘ప్రావ్దా’ సంపాదకీయం షొస్తకోవిచ్ సంగీతరూపకం మీద విరుచుకుపడింది. అప్పటిదాకా రెండేళ్లుగా విజయవంతంగా ఆడుతున్న రచన అది.

షోన్‌బర్గ్ 1933లో, స్ట్రావిన్‌స్కీ 1939లో, బార్తోక్, మోండ్రియాన్ 1940లో, ఎర్నస్ట్, బ్రెతాన్ 1941లో అమెరికా చేరారు. న్యూయార్క్‌లో బూగీ-వూగీ జాజ్ విన్న మోండ్రియాన్ తన నల్ల గీతలను వదిలేసి, పసుపు గీతల మీద చిన్న చిన్న ఎరుపు, నీలం చతురస్రాలు గెంతే ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’ని 1943లో పూర్తి చేశాడు. 1941 జనవరిలో గోర్లిట్స్ యుద్ధఖైదీల శిబిరంలో ఒలివియే మెస్సియాన్ ‘కాలాంతం కోసం క్వార్టెట్’ను తోటి ఖైదీలతో కలిసి వినిపించాడు. శిబిరంలో దొరికిన వాద్యాలు వయొలిన్, క్లారినెట్, చెల్లో, పియానో. రచన కూడా ఆ నాలుగిటికే.

1945 తర్వాత

1946లో మొదలైన డార్మ్‌స్టాట్ వేసవి శిక్షణల్లో బులెజ్, ష్టోక్‌హౌజెన్, నోనో ఎదిగారు. స్వరాలనే కాక, వాటి నిడివి, బలం, పలికే తీరు కూడా వరుసల్లో బిగించడాన్ని సంపూర్ణ సీరియలిజం అంటారు. పారిస్ రేడియోలో పియేర్ షెఫెర్ 1948లో రైలు శబ్దాల రికార్డింగులను విడగొట్టి, తిప్పి, కలిపి ‘మ్యూజిక్ కాంక్రెట్’కు నాంది పలికాడు. క్యూబిస్టు కొల్లాజ్‌కు ఇది వినికిడి రూపం. 1956లో ష్టోక్‌హౌజెన్ కొలోన్ రేడియో స్టూడియోలో ఒక బాలుడి గొంతును విద్యుత్ నాదాలతో కలిపి ‘గెజాంగ్ డెర్ యూంగ్లింగె’ కూర్చాడు.

1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ మంటపాన్ని లె కార్బూజియే కార్యాలయం రూపొందించింది. వంపు గోడల రూపకల్పన చేసినవాడు అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న స్వరకర్త యానిస్ జెనాకిస్. తన ఆర్కెస్ట్రా రచన ‘మెటాస్టాసిస్’లో జారుడు స్వరాలకు గీసిన గ్రాఫు గీతలే ఆ గోడలకు మూలం. లోపల వందలాది లౌడ్‌స్పీకర్ల నుంచి ఎడ్గార్ వారెజ్ ‘పోయెమ్ ఎలెక్ట్రానిక్’ వినిపించింది. మరుసటి ఏడాది మంటపాన్ని కూల్చేశారు.

న్యూయార్క్‌లో జాక్సన్ పొలాక్ 1947 నుంచి కాన్వాసును నేల మీద పరిచి, గోడలకు వేసే పెయింటును కర్రతో, డబ్బాతో ధారగా పోశాడు. రాత్కో, డి కూనింగ్, బార్నెట్ న్యూమన్‌ కూడా భాగమైన ఈ ధోరణిని అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అంటారు. ఈ చిత్రకారుల మధ్యే మసలిన స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ 1950లో స్వరాలకు బదులు గళ్లు గీసి స్వరలిపి రాశాడు. హ్యూస్టన్‌లోని రాత్కో చాపెల్ కోసం 1971లో అదే పేరుతో ఒక రచన చేశాడు.

జాన్ కేజ్ ఈ కాలపు కూడలి. పియానో తీగల మధ్య మరలు, బోల్టులు, రబ్బరు ముక్కలు పెట్టి దాన్ని తాళవాద్య బృందంగా మార్చాడు. 1951లో చైనా ‘యీ జింగ్’ గ్రంథం ప్రకారం నాణేలు ఎగరేసి ‘మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్’ రాశాడు. అదే ఏడాది రాషెన్‌బర్గ్ చిత్రించిన ఒట్టి తెల్లటి కాన్వాసులు ఆయనకు ధైర్యమిచ్చాయి. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్ దగ్గర అడవి అంచున ఉన్న మావెరిక్ హాలులో డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని, మీటల మూత వేసి తీస్తూ మూడు భాగాలను సూచించాడు. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్ల పాటు ఒక్క స్వరమూ పలికించలేదు. గాలి, పైకప్పు మీద చినుకులు, అసహనంతో లేచి వెళ్తున్నవారి గుసగుసలు: ఆ రచనలో వినిపించింది అదే. దీన్ని ఆకతాయితనంగా కొట్టిపారేయడం తేలిక. శ్రద్ధగా వినడం ఎలాగో ఇంత సూటిగా నేర్పిన రచన మాత్రం అరుదు. కేజ్ తరగతిలో చదివిన అలన్ కాప్రో 1959లో ‘హాపెనింగ్’ ప్రదర్శనలకు నాంది పలికాడు. 1962లో జర్మనీలో మాచ్యూనస్ ‘ఫ్లక్సస్’ ఉత్సవాలు మొదలుపెట్టాడు.

పాప్, మినిమలిజం

ఆండీ వార్హోల్ 1962లో లాస్ ఏంజెలెస్‌లో 32 సూప్ డబ్బాల చిత్రాలను, దుకాణం అరలో పేర్చినట్టు, వరుసగా ప్రదర్శించాడు. లండన్‌లో పాప్ చిత్రకారుడు పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ కలిసి రూపొందించిన 1967 నాటి బీటిల్స్ ఆల్బం ‘సార్జెంట్ పెప్పర్స్’ అట్ట మీద జనం గుంపులో ష్టోక్‌హౌజెన్ ముఖం కూడా ఉంది. జాజ్ కళాకారుడు ఆర్నెట్ కోల్మన్ 1961లో వచ్చిన ‘ఫ్రీ జాజ్’ ఆల్బంకు పొలాక్ చిత్రాన్ని ఎంచుకున్నాడు.

మినిమలిజం మాత్రం రెండు కళలకూ నిజంగా సరిపడే పేరు. డోనల్డ్ జడ్, కార్ల్ ఆంద్రె, సోల్ లెవిట్ ఒకే ఆకారాన్ని పునరావృతం చేస్తే, లా మాంట్ యంగ్, టెర్రీ రైలీ, స్టీవ్ రైక్, ఫిలిప్ గ్లాస్ ఒకే స్వరఖండాన్ని పునరావృతం చేశారు. మొదట్లో వీరి కచేరీలు చాలావరకు ఆర్ట్ గ్యాలరీల్లో జరిగేవి. రైలీ 1964 రచన ‘ఇన్ సి’లో 53 చిన్న స్వరఖండాలు ఉంటాయి. ఎవరు ఎన్నిసార్లు వాయించాలన్నది వాద్యకారుల ఇష్టం. రైక్ 1967 రచన ‘పియానో ఫేజ్’లో ఇద్దరు పియానిస్టులు పన్నెండు స్వరాల చిన్న వరుసను కలిసి మొదలుపెడతారు. ఒకరు వేగం మార్చరు. రెండోవారు వెంట్రుకవాసి వేగం పెంచుతూ ఒక స్వరం ముందుకు జరుగుతారు, అక్కడ స్థిరపడి మళ్లీ జరుగుతారు. ఆ జారుడులో ఎవరూ వాయించని కొత్త రాగఛాయలు చెవికి తగులుతాయి.

భారతదేశంతో సంబంధాలు

1922 డిసెంబర్‌లో స్టెల్లా క్రామ్రిష్ చొరవతో కలకత్తాలో బౌహౌస్ చిత్రాల ప్రదర్శన జరిగింది. క్లే, కాండిన్‌స్కీ చిత్రాలతో పాటు గగనేంద్రనాథ్ ఠాగూర్ చిత్రాలను కూడా ఉంచారు. ‘వసంత నైవేద్యం’ దృశ్యాలు గీసిన రోరిఖ్ కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి 1947లో అక్కడే కన్నుమూశాడు. మెస్సియాన్ పదమూడో శతాబ్ది ‘సంగీత రత్నాకరం’లో శార్ఙ్గదేవుడు చెప్పిన 120 దేశీ తాళాలను అధ్యయనం చేసి తన లయలకు వాడుకున్నాడు. కేజ్ 1940లలో గీతా సారాభాయ్ దగ్గర భారతీయ సంగీతం గురించి తెలుసుకున్నాడు. ఆయన ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌ల్యూడ్స్’కు రస సిద్ధాంతం ప్రేరణ. యంగ్, రైలీ 1970 నుంచి చాలాకాలం పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యులు. గ్లాస్ 1980లో రాటర్‌డామ్‌లో ప్రదర్శించిన ‘సత్యాగ్రహ’ సంగీతరూపకం గాంధీజీ దక్షిణాఫ్రికా రోజుల గురించినది. అందులో పాడేది సంస్కృత భగవద్గీత.

తెలుగులోకి సర్రియలిజం కవిత్వం దారిలో వచ్చింది. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు దాని ప్రభావాన్ని స్వీకరించారు. దృశ్యకళలో తెలుగువారి భాగస్వామ్యానికి గట్టి ఉదాహరణ కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు ప్రాంతంలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ చేరిన ఆయన, స్టాన్లీ హేటర్ నడిపిన అటెలియే 17 ముద్రణశాలలో పనిచేసి, తర్వాత దాని సహ సంచాలకుడయ్యాడు. సర్రియలిస్టులు, అమెరికన్ నైరూప్య చిత్రకారులు పనిచేసిన చోటు అది. మామూలుగా రంగుల ముద్రణలో ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి. కృష్ణారెడ్డి, కైకో మోతీ తదితరులు అభివృద్ధి చేసిన విస్కాసిటీ పద్ధతిలో ఒకే రేకు చాలు. లోహపు రేకును లోతులు వేరువేరుగా ఉండేలా ఆమ్లంతో, పనిముట్లతో తొలుస్తారు. నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన సిరాను గట్టి రోలరుతో పై తలానికి మాత్రమే అంటిస్తారు. తర్వాత చిక్కటి సిరాను మెత్తటి రోలరుతో లోపలి లోతులకు దించుతారు. పలచటి సిరా ఉన్నచోట చిక్కటిది అంటదు. అలా రంగులు కలిసిపోకుండా, ఒక్కసారి ప్రెస్సులోంచి తీస్తే బహువర్ణ చిత్రం తయారవుతుంది. ఆయన చేసిన ‘వర్ల్‌పూల్’ ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ. 1972లో పద్మశ్రీ అందుకున్న కృష్ణారెడ్డి 2018లో న్యూయార్క్‌లో మరణించాడు.

విమర్శలు, పునర్మూల్యాంకనం

ఈ చరిత్రను చాలాకాలం పారిస్, వియన్నా, న్యూయార్క్ నగరాల పురుషుల చరిత్రగానే రాశారు. స్వీడన్‌కు చెందిన హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుంచే, కాండిన్‌స్కీ కన్నా ముందే, నైరూప్య చిత్రాలు గీసింది. అమెరికన్ స్వరకర్త రూత్ క్రాఫర్డ్ 1931 స్ట్రింగ్ క్వార్టెట్‌లో నాదబలాన్ని కూడా ఒక క్రమంలో నడిపించింది. వీరికి తగిన చోటు శతాబ్ది చివరికి గానీ దక్కలేదు. చిత్రకళ, సంగీతాల ఆదరణలో తేడా కూడా గమనించదగింది. పికాసో, పొలాక్ చిత్రాల ముందు మ్యూజియాల్లో జనం బారులు తీరుతారు. షోన్‌బర్గ్, బులెజ్ రచనలకు కచేరీ హాళ్లు ఇప్పటికీ అంతగా నిండవు. చిత్రం ముందు నుంచి నచ్చినప్పుడు కదిలిపోవచ్చు, సంగీతాన్ని మాత్రం అది తీసుకున్నంత సేపూ వినాలి. ఈ తేడాకు అదే బలమైన కారణం. మరోవైపు, ఈ ఉద్యమాల నాదాలు సినిమాల్లో కోట్లమంది విన్నవే: లిగెటి 1961 రచన ‘అట్మాస్ఫియర్స్’ 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో ఉంది.

1970ల చివర్లో పోస్ట్‌మాడర్నిజం అన్న మాట విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. లూచానో బెరియో 1968 ‘సిన్ఫోనియా’లో మాలర్ సింఫనీ భాగం మీద ఎందరో స్వరకర్తల ఖండికలను అల్లడం దానికి ముందడుగు.

అధ్యయనం మొదలుపెట్టేవారికి

పాశ్చాత్య సంగీతానికి కొత్తవారు ‘పియెరో లునేర్’తో మొదలుపెడితే నిరాశపడే ప్రమాదం ఉంది. మొదట దెబుసీ ‘లా మేర్’, తర్వాత ‘వసంత నైవేద్యం’, ఆ పైన బార్తోక్ క్వార్టెట్లు, రైక్ ‘పియానో ఫేజ్’ వినడం మంచిది. అప్పుడు బెర్గ్ వయొలిన్ కాన్సర్టో మీదుగా షోన్‌బర్గ్ దగ్గరికి వెళ్లండి. రెండో స్ట్రింగ్ క్వార్టెట్ వినేటప్పుడు కాండిన్‌స్కీ ‘ఇంప్రెషన్ 3’ బొమ్మను ఎదురుగా పెట్టుకోండి. ఆ చిత్రం మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది.